మంటను బట్టి సిలిండర్: అగ్నిమాపక యంత్రాన్ని ఎంచుకోవడం ఎలా

గోడకు తగిలించిన ఎర్ర సిలిండర్లన్నీ దూరం నుంచి ఒకే తల్లి పిల్లల్లా కనిపిస్తాయి. లోపల మాత్రం ఒకదానిలో నీళ్లుంటాయి, ఇంకోదానిలో పొడి, మరోదానిలో ద్రవంగా మారేంత ఒత్తిడితో బిగించిన కార్బన్ డయాక్సైడ్. కాగితాల మంటను చక్కగా ఆర్పే నీళ్ల సిలిండర్‌నే మండుతున్న నూనె మీద వాడితే, ఆర్పడానికి వెళ్లినవారే కాలిపోతారు. అందుకే సిలిండర్ గురించి ఆలోచించే ముందు మంట గురించి ఆలోచించాలి. ఇక్కడ ఏది అంటుకోవచ్చు? ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోకుండా ఎంత ఖరీదైన సిలిండర్ తెచ్చి పెట్టినా అది గోడకు అలంకారమే.

ఒక సాయంత్రం కేటాయిస్తే సరిపోయే పని ఇది. ఒక కాగితం, ఒక కలం తీసుకోండి.

1. గది గదికీ తిరిగి, అంటుకోగలిగినవి రాసుకోండి

ఇల్లయినా, ఆఫీసయినా, వర్క్‌షాపయినా ముందు అంతా ఒకసారి చుట్టి రండి. ప్రతి గదిలోనూ కాలే వస్తువులేవో, వాటికి నిప్పు ఎటు నుంచి రావచ్చో, దగ్గరలో కరెంటు ఉందో లేదో చూడండి. ‘సామాను’ అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా పేర్లు రాయండి. పరుపులు, పుస్తకాలు, అట్టపెట్టెలు ఒకచోట. పెట్రోలు డబ్బా, పెయింటు, థిన్నర్ ఇంకోచోట. గ్యాస్ సిలిండర్, నూనె కాగే పొయ్యి, స్విచ్ బోర్డు, ఛార్జింగ్‌లో ఉండే బ్యాటరీలు దేనికదే విడిగా.

ఇప్పుడు ఆ పేర్ల పక్కన ఒక్కో అక్షరం వేయాలి. సిలిండర్ల మీద ముద్రించేవి ఈ అక్షరాలే.

‘ఎ’ తరగతిలోకి కాలితే బొగ్గో బూడిదో మిగిల్చేవి వస్తాయి: చెక్క, కాగితం, గుడ్డ, గడ్డి వంటివి. నివురుగప్పిన నిప్పు అన్న మాట అచ్చంగా వీటికే సరిపోతుంది. పైమంట ఆరిపోయింది కదా అని వెనక్కి తిరుగుతాం. పరుపు దూదిలో, బేళ్ల మధ్యలో నిప్పు ఎర్రగా రగులుతూనే ఉంటుంది, గంట తర్వాత మళ్లీ లేస్తుంది. వీటికి లోతుకు దిగి చల్లార్చే పదార్థం కావాలి.

‘బి’ మండే ద్రవాలది: పెట్రోలు, డీజిల్, కిరోసిన్, పెయింటు, థిన్నర్, స్పిరిట్. వీటిలో మంట పట్టేది ద్రవానికి కాదు, దాని పైనుంచి లేచే ఆవిరికి. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకునేంత ఆవిరిని వదులుతుంది. డీజిల్ ఆ స్థితికి రావాలంటే సుమారు 50 డిగ్రీలు దాటి వేడెక్కాలి. ఒకే అరలో పెట్టుకునే ఈ రెండు డబ్బాల మధ్య ఉన్న తేడా అంత. ఏదైనా సరే, ‘బి’ మంటను ఆర్పడమంటే ఆ ఆవిరికీ గాలికీ మధ్య అడ్డు పెట్టడమే.

‘సి’ మండే వాయువులది: వంటగ్యాసు, ఎసిటిలీన్, హైడ్రోజన్. ఇక్కడ అక్షరాల దగ్గర ఒక చిక్కుంది. యూరప్‌లోనూ భారత్‌లోనూ ‘సి’ అంటే వాయువు. అమెరికాలో అదే ‘సి’కి అర్థం కరెంటు పారుతున్న పరికరాల మంట, వాయువులను వారు ద్రవాలతో కలిపి ‘బి’లో వేస్తారు. వేరే దేశంలో తయారైన సిలిండర్ చేతికొస్తే అక్షరాన్ని నమ్మి ఊరుకోకుండా పక్కనున్న బొమ్మను చూడండి. గ్యాస్ మంట బొమ్మ, ప్లగ్గు బొమ్మ ఏ భాషలోనైనా అర్థమవుతాయి.

‘డి’ మండే లోహాలది: మెగ్నీషియం, సోడియం, పొటాషియం, టైటానియం, సన్నని అల్యూమినియం పొడి. ప్రయోగశాలలు, లోహాన్ని కోసే వర్క్‌షాపులు ఉన్నవారు తప్ప మిగిలినవారు ఈ అక్షరాన్ని దాటిపోవచ్చు.

ఇక వంటనూనెలకూ కొవ్వులకూ విడిగా ఒక అక్షరం ఉంది. యూరప్‌లో ‘ఎఫ్’, అమెరికాలో ‘కె’. నూనె కూడా ద్రవమే, ‘బి’లో కలిపేస్తే పోలేదా అని అనిపించవచ్చు. పోదు. పెట్రోలు అంటుకున్నప్పుడు పైపొర మాత్రమే వేడిగా ఉంటుంది. వంటనూనె దానంతట అది భగ్గుమనే సమయానికి గిన్నె అడుగు దాకా మొత్తం నూనె 350 డిగ్రీలకు అటూ ఇటూగా కాగి ఉంటుంది. మంటను ఒక్క క్షణం ఆపినా, గాలి తగలగానే నిప్పురవ్వ కూడా అక్కర్లేకుండా మళ్లీ అంటుకుంటుంది.

2. నీళ్లు ఎక్కడ మేలు, ఎక్కడ ముప్పు

నీళ్లను చిన్నచూపు చూడకండి. వేడిని లాగేయడంలో దానికి సాటి వచ్చేవి తక్కువ. ఒక లీటరు నీరు పూర్తిగా ఆవిరి కావడానికి, అదే నీరు గది వేడి నుంచి మరగడానికి పట్టే వేడికన్నా ఆరు రెట్లకు పైగా వేడి కావాలి. ఆ వేడంతా మంట దగ్గరి నుంచే తీసుకుంటుంది. దూది, కాగితం, చెక్క వంటి ‘ఎ’ మంటల్లో నీరు సందుల్లోకి దిగి రగిలే నిప్పును చంపినట్టు పొడి గానీ వాయువు గానీ చంపలేవు. పుస్తకాల గదికీ బట్టల గోడౌన్‌కూ మొదటి ఎంపిక నీళ్లు లేదా నురుగే కావాలి.

అదే నీరు కాగే నూనెలో పడితే ఏమవుతుందో దగ్గరగా చూద్దాం. ఒక గరిటెడు నీళ్లే అనుకోండి. నీరు నూనెకన్నా బరువు, అందుకని పడగానే అడుగుకు దిగుతుంది. అక్కడి నూనె వేడి, నీరు మరిగే వేడికి మూడు రెట్లకు పైనే. ఆ నీరు క్షణంలో ఆవిరై సుమారు 1,700 రెట్లు ఉబ్బుతుంది. ఒక లీటరు నీరు 1,700 లీటర్ల ఆవిరి. పైనున్న నూనెను అది తుంపరలు తుంపరలుగా గాలిలోకి విసిరేస్తుంది. అప్పటిదాకా గిన్నె మూతి వెడల్పు మేరకే గాలి తగిలిన నూనెకు ఇప్పుడు ప్రతి తుంపర చుట్టూ గాలి దొరుకుతుంది. కప్పు దాకా నిప్పుల ముద్ద లేస్తుంది. అగ్నికి ఆజ్యం పోయడమంటే ఇంతకన్నా అచ్చమైన ఉదాహరణ ఉండదు.

పెట్రోలు విషయంలో ముప్పు మరో రకం. పెట్రోలు నీటిపై తేలుతుంది కాబట్టి నీళ్లు కొట్టినకొద్దీ మండుతూనే నేలంతా పరుచుకుంటుంది. కరెంటు ఉన్నచోట ధారగా నీళ్లు కొడితే షాక్ తిరిగి మీ చేతికే రావచ్చు.

ఇటీవలి వాటర్ మిస్ట్ సిలిండర్లు కొంచెం వేరు. లవణాలు తీసేసిన నీటిని పొగమంచులా సన్నగా చిమ్ముతాయి. వీటిలో కొన్నింటిని కరెంటు పరికరాల దగ్గర వాడటానికి పరీక్షించి, ఎంత వోల్టేజీ వరకు, ఎంత దూరం నుంచి వాడవచ్చో సీసా మీదే రాస్తారు. ఆ రాత కనిపిస్తేనే నమ్మండి.

3. మిగతా పదార్థాల గుణదోషాలు తెలుసుకోండి

నురుగు సిలిండర్ ‘ఎ’, ‘బి’ రెండింటికీ పనికొస్తుంది. మండే ద్రవం మీద దుప్పటిలా పరుచుకుని ఆవిరిని లోపలే అణచివేస్తుంది, మళ్లీ అంటుకోనివ్వదు. పెట్రోలు, డీజిల్ నిల్వ చేసేచోట నా ఓటు దీనికే. రెండు జాగ్రత్తలు మరచిపోకండి. ఆల్కహాల్, ఎసిటోన్ వంటి నీటిలో కలిసిపోయే ద్రవాలు మామూలు నురుగును తినేస్తాయి. వాటికి ఆల్కహాల్‌ను తట్టుకునే నురుగు అని సీసా మీద రాసి ఉన్నదే కావాలి. రెండోది, చాలా ఏళ్లుగా వాడుతున్న నురుగుల్లో నేలలోనూ నీటిలోనూ విరగకుండా మిగిలిపోయే ఫ్లోరిన్ రసాయనాలు ఉంటున్నాయి. కొత్తగా కొనేవారు ఫ్లోరిన్ లేని రకం అడగడం మంచిది.

పొడి సిలిండర్ అందరికీ తెలిసినది. దీనిలోనే రెండు జాతులున్నాయి. ‘బి-సి’ పొడిలో ఉండేది ప్రధానంగా సోడియం బైకార్బొనేట్, అంటే మన వంటసోడాయే, లేదంటే పొటాషియం బైకార్బొనేట్. మంటలో జరిగే రసాయన చర్యల గొలుసును ఇది తెంపుతుంది, కానీ రగిలే బొగ్గును ఏమీ చేయలేదు. ‘ఎ-బి-సి’ పొడిలో మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ ఉంటుంది. అది వేడికి కరిగి, రగిలే కట్టె మీద గాజుపూతలా అంటుకుని గాలి అందకుండా చేస్తుంది. అదనంగా ఆ ‘ఎ’ వచ్చింది ఆ పూత వల్లనే.

ఒక్క సిలిండర్ మాత్రమే పెట్టుకోగలమంటే చాలామందికి ‘ఎ-బి-సి’ పొడే సరైన జవాబు. ఇందులో సందేహం లేదు. అయితే దానిని సర్వరోగ నివారిణిలా అమ్మడం మీదే నాకు అభ్యంతరం. మూసిన గదిలో దానిని నొక్కి చూసినవారికి తెలుస్తుంది: రెండు మూడు సెకన్లలో తెల్లటి మేఘం కమ్ముకుని తలుపు ఎటుందో కనిపించదు, గొంతు పట్టేస్తుంది. ఆ సన్నని ధూళి కంప్యూటర్ల లోపలికి, మోటార్ల బేరింగుల్లోకి, రిలేల సందుల్లోకి చేరుతుంది. తేమ తగిలితే లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. మంట వల్ల ఒక్క యంత్రం పోతే, పొడి వల్ల ఆ గదిలో ఉన్నవన్నీ పోవచ్చు. పైగా పొడి చల్లార్చదు. ఆర్పాక అక్కడే నిలబడి చూసుకోవాలి.

కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌ను గుర్తుపట్టడం తేలిక. బాకా లాంటి నల్లటి వెడల్పు మూతి ఉంటుంది, లోపలి ఒత్తిడిని చూపే గేజ్ ఉండదు. కరెంటును ప్రసరింపజేయదు, పని అయ్యాక గాలిలో కలిసిపోతుంది, తుడవడానికి ఏమీ మిగలదు. సర్వర్ గదులకూ స్విచ్ బోర్డులకూ ఇంతకన్నా తగినది అరుదు. ఆరుబయట మాత్రం గాలి విసురుకు ఎగిరిపోతుంది. ‘ఎ’ మంటల్లో పైమంటను ఆర్పి నిప్పును వదిలేస్తుంది.

దీనితో రెండు ప్రమాదాలున్నాయి. బయటికొచ్చే వాయువులో కొంత సున్నాకు 78 డిగ్రీల దిగువన ఉండే పొడి మంచుగా మారుతుంది. ఆ చలికి బాకా గడ్డకట్టినంత పనవుతుంది. చేత్తో దానినే పట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. బాకాకు పట్టుకునే పిడి ఉన్న రకాన్నే కొనండి. రెండోది ఊపిరి. 5 కిలోల సిలిండర్ మొత్తం వదిలితే రెండున్నర ఘనమీటర్లకు పైగా వాయువు వస్తుంది. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తున్న చిన్న గదిలో ఖాళీ చేస్తే అక్కడి గాలిలో ఐదో వంతుకు మించి అదే. పదో వంతు చేరినా మనిషి స్పృహ తప్పవచ్చు. అలాంటి గదుల్లో గుమ్మం దగ్గర నిలబడి కొట్టి, తలుపు వేసి, బయటికి వచ్చేయాలి.

వెట్ కెమికల్ సిలిండర్ నూనె మంటలకోసమే పుట్టింది. పొటాషియం లవణాల ద్రావణాన్ని పొడవాటి గొట్టం చివరి నుంచి మెత్తని జల్లుగా చిమ్ముతుంది. క్షార గుణమున్న ఆ ద్రావణం వేడి నూనెతో కలిసి సబ్బుగా మారుతుంది. ఇది పోలిక కాదు, సబ్బు తయారీలో జరిగే చర్యే ఇక్కడా జరుగుతుంది. నూనె పైన నురుగులాంటి సబ్బు పొర కట్టి గాలిని ఆపుతుంది, లోపలి నూనెను చల్లారుస్తుంది. 1818లో బ్రిటన్‌కు చెందిన జార్జ్ మాన్‌బీ తయారుచేసిన రాగి మంటలార్పే పాత్రలోనూ ఒత్తిడితో నింపిన గాలితో పాటు ఉన్నది పొటాషియం కార్బొనేట్ ద్రావణమే. రెండు వందల ఏళ్లకు మళ్లీ అదే లవణాల కుటుంబం దగ్గరికి వచ్చి చేరాం.

పెద్ద మోతాదులో నూనె కాగే వంటశాలకు ఇది తప్పనిసరి. ఇంట్లో చిన్న మూకుడు అంటుకుంటే సిలిండర్ దాకా వెళ్లాల్సిన అవసరం సాధారణంగా రాదు. పొయ్యి ఆపి, సరిపడే లోహపు మూతను పక్కనుంచి జరుపుతూ పెట్టండి, లేదా మంటలార్పే దుప్పటి కప్పండి. ఆ తర్వాతే అసలు పరీక్ష: మూత తీసి చూడాలనిపిస్తుంది. తీయకండి. నూనె ఇంకా అంటుకునే వేడిలోనే ఉంటుంది. పూర్తిగా చల్లారేదాకా, అరగంట పైనే అయినా, అలాగే వదిలేయండి. మూకుడును ఎత్తి బయటికి మోసుకెళ్లే సాహసం అసలే వద్దు.

ఇక లోహాలు. మెగ్నీషియం రిబ్బన్‌ను వెలిగించి, పొడి మంచు దిమ్మలో తొలిచిన గుంటలో పెట్టి, పైన మరో దిమ్మ మూస్తారు, రసాయన శాస్త్ర ప్రదర్శనల్లో. ఆరిపోవాలి కదా! దిమ్మ మొత్తం లాంతరులా లోపలినుంచి వెలిగిపోతుంది. మెగ్నీషియం కార్బన్ డయాక్సైడ్ నుంచే ఆక్సిజన్‌ను లాక్కుని మండుతుంది. చివరికి తెల్లని బూడిదలో నల్లని కార్బన్ మరకలు మిగులుతాయి. నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుడుతుంది, అది ఇంకా ఘోరం. ‘డి’ మంటలకు ప్రత్యేకమైన ఉప్పు పొడో, గ్రాఫైటో, కాలే లోహం ఏదో చూసి మరీ ఎంచుకోవాలి. లిథియం లోహానికైతే రాగి పొడి ఉంది. ఆ పొడిని ఊదినట్టు చిమ్మకుండా, మెల్లగా పోసి పూడ్చిపెట్టాలి.

పాత సామానులో ఇత్తడి పంపుతో ఉన్న సిలిండర్ దొరికితే దానిని నొక్కి చూడకండి. అలాంటి వాటిలో ఒకప్పుడు కార్బన్ టెట్రాక్లోరైడ్ నింపేవారు. మంట తగిలితే దాని నుంచి ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. హాలాన్ అనే వాయువు నింపిన సిలిండర్లు కూడా ఓజోన్ పొరకు చేసే హాని కారణంగా 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో తెరమరుగయ్యాయి. వాటి బదులు వచ్చిన క్లీన్ ఏజెంట్ రకాలు పొడి మిగల్చకుండా ఎలక్ట్రానిక్స్‌ను కాపాడతాయి, ఖరీదు మాత్రం ఎక్కువ.

4. కరెంటు, గ్యాసు, బ్యాటరీ: ఈ మూడింటికీ వేరే లెక్క

కరెంటు తనంతట తాను కాలే వస్తువు కాదు. కాలేది వైరు పైతొడుగో, ప్లాస్టిక్ పెట్టెనో. మెయిన్ ఆపగలిగితే అది మామూలు ‘ఎ’ మంట అయిపోతుంది. కాబట్టి మొదటి ఆయుధం సిలిండర్ కాదు, స్విచ్చు. ఆపలేని పరిస్థితిలో కార్బన్ డయాక్సైడ్, క్లీన్ ఏజెంట్, లేదా పొడి. కొన్ని పరికరాల్లో స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుందని మరచిపోకండి.

గ్యాసు విషయంలో చాలామందికి వింతగా తోచే నియమం ఒకటుంది. గ్యాసును ఆపే దారి లేనప్పుడు మంటను ఆర్పకూడదు. మండుతున్న గ్యాసు కళ్ల ముందే ఖర్చయిపోతుంది. మంట ఆరి గ్యాసు మాత్రం వస్తూనే ఉంటే అది గదిలో పేరుకుంటుంది. వంటగ్యాసు గాలికన్నా బరువు కాబట్టి నేలబారుగా పాకి మూలల్లో చేరుతుంది. గాలిలో దాని పాలు 2 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. వాల్వు అందితే దానిని కట్టేయండి, మంట దానంతట అదే పోతుంది. వాల్వు దాకా చేరడానికి మాత్రమే పొడి సిలిండర్. అందకపోతే అందరినీ బయటికి పంపి అగ్నిమాపక దళాన్ని పిలవండి.

లిథియం అయాన్ బ్యాటరీల గురించి అపోహలు ఎక్కువ. పేరులో లిథియం ఉంది కదా అని ‘డి’ సిలిండర్ కొనిపెట్టుకునేవారున్నారు. ఈ బ్యాటరీల్లో ఉండేది లోహపు ముద్ద కాదు. లిథియం సమ్మేళనాలు, మండే ద్రావణం. ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కితే పక్క సెల్ అంటుకుంటుంది, అది దాని పక్కదాన్ని అంటిస్తుంది. లోపలి పదార్థమే వేడికి కొంత ఆక్సిజన్‌ను వదులుతుంది కాబట్టి బయటి గాలిని ఆపినంత మాత్రాన ఆగదు. పొడి, కార్బన్ డయాక్సైడ్ మంటను కాసేపు పడగొడతాయి, లోపలి సెగ తగ్గదు, నిమిషాల్లో తిరిగి రాజుకుంటుంది. దీనికి కావలసింది చల్లదనం, అంటే నీళ్లు, అదీ ఎక్కువగా, చాలాసేపు. ఫోను, ల్యాప్‌టాప్ వంటి చిన్నవాటికి ఛార్జర్ ప్లగ్గు పీకేసి నీళ్లు కుమ్మరించవచ్చు. బ్యాటరీ సైకిలు, స్కూటరు స్థాయికి వెళ్తే మనవల్ల కాదు. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ వంటి విషాలుంటాయి. తలుపు మూసి బయటికి వచ్చేయడమే సరైన పని. వీటికోసం ప్రత్యేకంగా చేసిన సిలిండర్లు వస్తున్నాయి, కానీ అవి చిన్న పరికరాల మేరకే. అంతకన్నా ముఖ్యం: బయటికి వెళ్లే దారిలో బ్యాటరీలు ఛార్జ్ చేయకండి.

5. సీసా మీది అంకెలు చదవండి

రంగును బట్టి కొనకండి. బ్రిటన్ పద్ధతిలో సిలిండర్ అంతా ఎర్రగా ఉండి పైన చిన్న పట్టీ మాత్రం రకాన్ని చెబుతుంది: పొడికి నీలం, నురుగుకు లేత గోధుమ, కార్బన్ డయాక్సైడ్‌కు నలుపు, వెట్ కెమికల్‌కు పసుపు. వేరే చోట్ల ఇది మారుతుంది. అక్షరమూ అంకే అసలైన గుర్తులు.

‘21ఎ 113బి’ అని ఉందనుకోండి. యూరప్ ప్రమాణంలో ‘ఎ’ ముందరి అంకె పరీక్షలో ఆర్పిన కట్టెల పేర్పు పొడవును డెసిమీటర్లలో చెబుతుంది, అంటే ఇక్కడ 2.1 మీటర్లు. ‘బి’ ముందరి అంకె పరీక్ష తొట్టెలో పోసిన ద్రవం లీటర్లు. అమెరికా ప్రమాణంలో లెక్క వేరు: అక్కడ ‘2-ఎ’ అంటే సుమారు తొమ్మిదిన్నర లీటర్ల నీటికి సమానమైన శక్తి. ఏ పద్ధతైనా అంకె పెరిగితే శక్తి పెరిగినట్టే. ఒకే బరువున్న రెండు సిలిండర్లలో ఎక్కువ అంకె ఉన్నది తీసుకోండి. కిలోలను మాత్రమే చూసి కొనేవారు మోసపోయేది ఇక్కడే. వాయువులకూ కరెంటుకూ అంకె ఉండదు, అక్షరమో బొమ్మో మాత్రమే ఉంటుంది.

6. ఎత్తగలిగినంతే కొనండి, తలుపు దగ్గర పెట్టండి

6 కిలోల పొడి సిలిండర్ మొత్తం బరువు 9 కిలోల పైనే. ఇంట్లో అందరికన్నా బలహీనంగా ఉన్నవారి చేతికి ఒకసారి ఇచ్చి, నాలుగడుగులు నడిపించి చూడండి. ఎత్తలేకపోతే చిన్నవి రెండు తీసుకోవడం మేలు. మరీ చిన్నది కూడా వద్దు: కిలో సిలిండర్ పది సెకన్ల లోపే ఖాళీ అవుతుంది. 6 కిలోలది కూడా ఇరవై సెకన్లు రావడం కష్టం. మొదటిసారి నొక్కేవారు గురి కుదిరేలోపే సగం గాలిపాలు చేస్తారు.

పొయ్యికి పైన, మోటారుకు పక్కన సిలిండర్ తగిలించడం చాలాచోట్ల చూశాను. మంట వచ్చాక దాన్ని అందుకోవాలంటే మంటలోకే చెయ్యి పెట్టాలి. బయటికి వెళ్లే తలుపు పక్కన, పిడి భుజం ఎత్తుకు మించకుండా తగిలించండి. అప్పుడు దానికోసం వెళ్లినా మీరు బయటికి దారిపట్టినట్టే. కారులోదైతే సీటు కింద దొర్లకుండా బిగించాలి, ఇంజిన్ మంటకు బానెట్‌ను పూర్తిగా తెరవకుండా కొద్ది సందులోంచే కొట్టాలి. బానెట్ లేపితే గాలి దొరికి మంట ముఖం మీదికి వస్తుంది.

7. నొక్కే ముందు, నొక్కేటప్పుడు

మంట చెత్తబుట్ట అంత ఉంటేనే మీ పని. మిగతావారిని బయటికి పంపి, ఒకరిచేత అగ్నిమాపక దళానికి ఫోన్ చేయించి, తలుపు మీ వీపు వెనక ఉండేలా నిలబడండి. పిన్ను లాగండి. లాగేటప్పుడు లివర్‌ను నొక్కి పట్టుకోకండి; కంగారులో అందరూ అదే చేసి పిన్ను ఇరుక్కుందని అరుస్తారు. రెండు మూడు మీటర్ల దూరం నుంచి మంట మొదలుకు గురిపెట్టి, లివర్ నొక్కి, ఊడ్చినట్టు అటూ ఇటూ తిప్పండి. పైకి ఎగసే నాలుకలను కొట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ద్రవాలకు మాత్రం ఈ పద్ధతి కొంచెం మార్చాలి. నురుగును మండే ద్రవంలోకి సూటిగా కొడితే ద్రవం చిమ్ముతుంది. వెనకనున్న గోడకో తొట్టె అంచుకో తగిలించి, జారి పరుచుకునేలా చేయండి. పొడిని కూడా మరీ దగ్గర నుంచి కొట్టకండి, ఆ విసురుకే ద్రవం చెదురుతుంది. ఒక సిలిండర్ అయిపోయేసరికి మంట లొంగలేదంటే రెండోదానికోసం వెతకకుండా తలుపు మూసుకుంటూ బయటపడండి.

8. తర్వాతి సంరక్షణ

నెలకోసారి గేజ్ ముల్లు పచ్చ గీతలో ఉందా, పిన్నుకు సీలు ఉందా, గొట్టంలో పురుగులు గూడు కట్టాయా అని చూడండి, నిమిషం పట్టదు. గేజ్ లేని కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌ను తూచడం ఒక్కటే మార్గం. లోపలి వాయువులో పదో వంతు తగ్గితే నింపించాలి. ఏడాదికోసారి తెలిసిన సాంకేతిక నిపుణుడి చేత పరీక్ష చేయించండి. సీసా ఒత్తిడి పరీక్ష గడువు దాని మీదే ముద్రించి ఉంటుంది.

ఒక్క సెకను నొక్కినా, ఊరికే పరీక్షించడానికైనా సరే, ఆ సిలిండర్‌ను తిరిగి కొక్కేనికి తగిలించకండి. వాల్వు మూసుకునేచోట పొడి రేణువులు ఇరుక్కుంటాయి, ఆ సందులోంచి ఒత్తిడి నెమ్మదిగా కారిపోతుంది. రోజుల తేడాలో ముల్లు ఎర్ర గీతలోకి జారుతుంది. వెంటనే నింపడానికి పంపించి, అది తిరిగొచ్చేదాకా ఆ కొక్కేనికి మరొకటి తగిలించి ఉంచండి.